ఆదివారం జిలేబీ

శారదాదేవికి మొగుడి మీద ఒకటే ఫిర్యాదు. ఆ మనిషి అరవడు. అరిచే మొగుళ్లతో ఒక సుఖముంది, అరుపు అయిపోగానే గొడవా అయిపోతుంది. వీరేశం చెవిన చెడ్డ కబురు పడితే మాత్రం మూడు రోజులు నోరు మూసుకుంటాడు. మొయినాబాద్‌లో తన కిరాణా కొట్టుకొచ్చిన గిరాకీలందరితో నవ్వుతూ మాట్లాడి, ఇంట్లో కంచం ముందు మౌనవ్రతం పడతాడు.

మంచి కబురుకు బహుమతి కూడా ఉంది. ప్రతి ఆదివారం పొద్దున తల్లి రుక్మిణమ్మ వేలు గుచ్చి షుగర్ చూస్తాడు. అంకె తక్కువుంటే ఆమెకు జిలేబీ. ఎక్కువుంటే మౌనం. షుగర్ తగ్గినందుకు జిలేబీ పెట్టడంలోని తిరకాసు ఆ ఇంట్లో శారదకొక్కదానికే కనిపించింది. కనిపించినా, లోలోపల నవ్వుకుని ఊరుకుంది.

ఆ ఆదివారం నూట ఎనిమిది వచ్చింది.

"మా అవ్వ బంగారం," అంటూ వీరేశం జిలేబీ అందించి స్నానానికి వెళ్లాడు.

శారద చూపు అత్త కాళ్ల మీద ఆగింది. మే నెల ఎండల్లో, ఎడమ కాలికి మాత్రం ఊలు సాక్సు.

"ఏంది అత్తమ్మా, ఒక్క కాలికే చలి పెడుతున్నదా?"

"ఊకనే తొడిగిన. పో, పని చూసుకో."

శారద వదల్లేదు, సాక్సు విప్పింది. బొటనవేలి కింద రూపాయి బిళ్లంత పుండు, మీద పసుపు.

"ఎన్ని రోజులాయె?"

"పదిహేను. వానికి చెప్పకు బిడ్డా. మల్ల మూడు దినాలు నా మొఖం చూడడు."

"మరి షుగర్ తక్కువెట్ల వస్తున్నది?"

రుక్మిణమ్మ సాక్సు మళ్లీ తొడుక్కోబోయింది. "శనివారం ఉపాసముంటే వస్తది. శుక్రవారం దాకా ఏం తిన్నా మిషన్‌కు ఏం తెలుస్తది?"

శారద నవ్వబోయి ఆగింది. తానేం తక్కువ తిందని? వంటింట్లో మూలన పడేసిన మిక్సీ గుర్తొచ్చింది.

టిఫిన్ దగ్గర విషయం చెప్పేసింది. వీరేశం చేతిలో ఇడ్లీ ముక్క అలాగే ఉంది. ముఖం మెల్లగా బిగుసుకోసాగింది.

"మొఖం తిప్పుకోకుండ్రి," అంది శారద. "సురంగల్ ఊర్ల యాదయ్యన్న గిట్లనే పుండు దాస్తే ఆఖరుకు కాలి వేలు తీసేసిన్రు. ఇగో, నాది గూడ వినుండ్రి. మిక్సీ కాలిపోయి నెలాయె, మీకు చెప్పలే. రోట్ల పచ్చడి మస్తున్నదని మెచ్చుకున్నరు గదా, అందుకే."

"మిక్సీ గూడనా?"

"మంచి మాట చెప్తే జిలేబీ, చెడ్డ మాట చెప్తే మౌనం. అత్తమ్మ, నేను మంచిగనే నేర్చుకున్నం."

వీరేశం చెయ్యి కడుక్కుని వాకిట్లోకి నడిచాడు.

"చూసినవా, పాయె," అని రుక్మిణమ్మ కళ్లొత్తుకుంది. "నీకు చెప్పద్దన్ననా లేదా?"

మూడు రోజుల లెక్క మొదలైందనుకుంది శారద. అంతలోనే అతను తిరిగొచ్చాడు. చేతిలో తల్లి చెప్పులున్నాయి. వాటిని పక్కన పెట్టి, నేల మీద కూర్చుని, ఆమె పాదాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు. పుండు చుట్టూ చూశాడు, చాలాసేపు.

"ఆటో పిలిచిన. దవాఖానకు పోదం."

"నామీద కోపం రాలేదారా?"

"నేను మాట్లాడకుంటే నువ్వు మిఠాయి తినుడు బంద్ చేస్తవనుకున్న," అన్నాడు తలెత్తకుండానే. "నాకు చెప్పుడే బంద్ చేస్తవనుకోలే. తప్పు నాదే, అవ్వా."