కలుపుగోలు అంకె

మధ్యాహ్నం భోజనాల గంట మోగేసరికి మనిషి ఎంత కలుపుగోలో కొలిచే చెలిమిసూచి తరళ మణికట్టు మీద తొంభై ఒకటి చూపిస్తోంది. పొద్దున్నుంచి ఎదురైన వాళ్లందరికీ నవ్వు పంచింది మరి! ఈ నగరంలో అంకె ముప్పైకి తగ్గితే నలుగురి మధ్య చేసే ఉద్యోగం ఉండదు. విశాఖ రేవు క్యాంటీనులో వంట చేసే పైడితల్లి అంకె పదకొండు. సాయంత్రం ఆవిడను తీసేస్తారు.

చెలిమిసూచికి మాటల అర్థాలు నేర్పడం తరళ ఉద్యోగం. పదకొండు ఎలా వచ్చిందో చూద్దామన్న కుతూహలం ఆమెను క్యాంటీనుకు లాక్కొచ్చింది.

"ఏటలాగ గుమ్మంలో నిలబడిపోనావు? సెయ్యి కడుక్కోని కూకో!" పైడితల్లి కసిరింది. వెంటనే ఆవిడ అంకె పదికి పడింది.

ఆ రోజు కొత్తావకాయ పెట్టారు. ఆవకాయ కలిపిన బేసినులో వేడన్నం వేసి, అంచులకు అంటిన కారమంతా పట్టించి, వచ్చిన ప్రతి చేతిలోనూ ముద్ద పెడుతోంది పైడితల్లి. నిన్న తనతో పోట్లాడిన క్రేను డ్రైవరుకూ పెట్టింది, ఊరూ పేరూ తెలియని తరళకూ పెట్టింది. నవ్వలేదు సరికదా, అందరినీ తిట్టింది.

తరళ అక్కడే కూర్చుని 'కలుపుగోలు' మాటను తవ్వింది. మేలుకొనడం మేలుకోలు అయినట్టే, కలుపుకొనడం కలుపుగోలు అయింది. అందులో నవ్వెక్కడుంది? తీపి మాటెక్కడుంది? ఉన్నదాంట్లోకి ఇంకొకరిని చేర్చుకోవడమే ఉంది. ఇన్నాళ్లూ తప్పు నేర్పినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. చెలిమిసూచికి కొత్త అర్థం ఎక్కించి, ఉదాహరణగా పైడితల్లి ముద్దలు పెట్టడాన్ని చూపించింది. సాయంత్రానికి ఆవిడ అంకె తొంభై ఆరు. ఉద్యోగం నిలిచింది.

మర్నాడు తరళ సంబరంగా వెళ్లింది. క్యాంటీనులో ప్రతివాడూ పక్కవాడి వైపు ముద్ద చాపి, కళ్లు మాత్రం తన మణికట్టు మీదే పెట్టి కూర్చున్నాడు. ఎవరూ తినడం లేదు.

"ఇదేటమ్మా! అందరూ పెట్టీవోలే అయితే తినీవోలెవులు?" అంది పైడితల్లి.

తరళ సిగ్గుతో తల దించుకుంది.

పైడితల్లి గుమ్మం దగ్గర బుట్ట పెట్టి, ముందు తన చెలిమిసూచినే అందులో పడేసింది. "సెప్పులిప్పినట్టు అయ్యి కూడా ఇప్పీసి రండి."

"విప్పితే సున్నా పడుతుందమ్మా. సాయంత్రానికి మళ్లీ నిన్ను తీసేస్తారు" అంది తరళ.

"సాయంత్రం మాట సాయంత్రం. ముందు సెయ్యి సాపు."

తరళ కాసేపు తటపటాయించి తనదీ విప్పింది. ఆమె వెనక ఒక్కొక్కరూ విప్పారు. బుట్ట నిండింది. అందరికీ సున్నా వస్తే ఎవరిని తీసేయాలో చెలిమిసూచికి తామెవరూ నేర్పలేదని తరళకు అప్పుడు తట్టింది.

ముద్ద కారానికి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏడుపులు తరవాత, జరిగి కూకో" అంది పైడితల్లి. "ఇంకొకలు వొస్తన్నారు."