క్రూజర్ మీద డ్యూటీ

ఈ గల్ఫు ఊళ్ళో, నజ్మా పేట సందుల్లో, మూతబడ్డ టైర్ల కొట్టు వెనక ఒక గోడౌను ఉంది. పొద్దుగూకాక షేకుల ఇళ్ళల్లో బండి తోలే మన హౌస్ డ్రైవర్లెవరూ దాని పక్కన బండి ఆపరు. టీ తాగుతూ ఎంత గొప్పలు పోయేవాడైనా, ఆ సందు పేరెత్తితే గ్లాసు కింద పెట్టేస్తాడు.

లోపల ఇంగ్లీషువాళ్ళ కాలంనాటి క్రూజర్ ఉందట. గల్ఫులో క్రూజరంటే ఇంకేముంది — షేకులు ఇసుకదిబ్బలెక్కించే పెద్ద బండే. వందేళ్ళ కింద అలాంటి బండి ఎక్కడిదని ఒక్కడూ అడగలేదు. దెయ్యం కథకు మోడల్ ఎవడడుగుతాడు? గోడౌను యజమాని ఇంట్లో పాత డ్రైవరు కమాలుద్దీన్, అతిథుల్ని కూర్చోబెట్టే మజ్లిస్ గుమ్మంలో నిలబడి, ఆ యజమాని చెప్పగా విన్నాడు. యుద్ధానికి వెళ్ళిందట, దొంగల్ని తరిమిందట, ఏదో పేలి లోపలివాళ్ళు ఉడికిపోయారట… ఆ పేలినది రేడియేటరే అని డ్రైవర్లంతా తేల్చేశారు. రాత్రిళ్ళు లోపల ఎవరో దగ్గుతారని కూడా చేర్చారు. దాన్ని తెమ్మంటే కమాలుద్దీన్ తనవల్ల కాదన్నాడు. ఆ వారమే అతన్ని ఊరికి పంపేశారు.

ఆ ఉద్యోగంలోకి వచ్చినవాడే రాయచోటి నాగూర్. అతని భార్య రమీజా అదే ఇంట్లో వంటమనిషి. నాలుగేళ్ళు ఆమె కువైట్‌లో, అతను ఇక్కడ. ఇన్నాళ్ళకు ఒక కప్పు కింద చేరారు. ఈ ఉద్యోగం పోతే మళ్ళీ ఫోన్లో కాపురమే.

ఒక గురువారం సాయంత్రం బాబా — యజమానిని ఇక్కడి పనివాళ్ళంతా అలాగే పిలుస్తారు — నాగూర్ చేతికి తాళంచెవి ఇచ్చాడు. అతిథులొస్తున్నారు, గోడౌన్లోంచి క్రూజర్ తీసుకురా, యల్లా, త్వరగా, అన్నాడు.

నాగూర్ వంటింట్లోకి పోయి నీళ్ళు తాగాడు. మళ్ళీ తాగాడు.

"నీళ్ళన్నీ నువ్వే తాగితే బిర్యానీకి యాడ తెచ్చేది?" అంది రమీజా. తర్వాత దగ్గరికొచ్చి, గుసగుసగా — "దయ్యం పడితే రెండు దినాల్లో ఇడుస్తాది. విమానం ఎక్కిస్తే ఎన్నేండ్లకో. ఏది మేలో నువ్వే చూసుకో."

నాగూర్ పికప్ తీశాడు. పాత బండి కదా, స్టార్ట్ కాకపోతే లాక్కురావడానికి తాడు కూడా వేసుకున్నాడు.

షట్టర్ ఎత్తాడు. చీకటి… తుప్పు వాసన… దాని వెనకే కాలిన బొగ్గు వాసన. సెల్లు లైటు వేసి చూస్తే బండీ లేదు, టైరూ లేదు. నడిమధ్య, దుప్పటి కప్పి, పొడుగ్గా ఏదో ఉంది — పాడె మీద మనిషంత.

ఎవరో దగ్గారు.

నాగూర్ కాళ్ళు షట్టర్ వైపు తిరిగాయి. రమీజా గుర్తొచ్చి, మళ్ళీ ఇటు తిరిగాయి.

"క్రూజర్ కోసమా, బాబూ?"

తెలుగు! పోయిన ప్రాణం లేచొచ్చింది. మూలనుంచి ఒక ముసలాయన వచ్చాడు — నడుముకు తుండు, ఒళ్ళంతా మసి. ఎవరో పాత డ్రైవరు, వెనక దారిన వచ్చి ఇక్కడే పడుకుంటున్నాడు కాబోలనుకున్నాడు నాగూర్. ముసలాయన దుప్పటి లాగేశాడు. గాజు పెట్టె… అందులో బూడిదరంగు బొమ్మ ఓడ. నాలుగు పొగగొట్టాలు, చీపురుపుల్లలంత ఫిరంగులు. యుద్ధనౌకల్లో ఒక రకాన్ని క్రూజర్ అంటారని ఆయనే చెప్పాడు.

నాగూర్‌కు నవ్వాగలేదు. ఈ బొమ్మకు జడిసా కమాలుద్దీన్ ఉద్యోగం పోగొట్టుకుంది!

చెరో కొస పట్టారు. చేతులు మార్చుకుంటుంటే ముసలాయన వేళ్ళు తగిలాయి. పెనంలా కాలుతున్నాయి… జ్వరమేమో పాపం. యా ఊరని అడిగితే కాకినాడ పక్కన కోరంగి అన్నాడు. ఇక్కడేం పని అంటే —

"క్రూజర్ మీదే డ్యూటీ అండి."

"లీవుకు పోలేదా, పెద్దాయనా?"

"అడిగానండి…" దగ్గొచ్చి ఆగాడు. "ఇంకా ఇవ్వలేదు." పెట్టె పికప్ ఎక్కాక ఆయన మళ్ళీ తన మూలకే వెళ్ళిపోయాడు.

మజ్లిస్‌లో బాబా గాజు పెట్టెను నిమిరి మురిసిపోయాడు. అతిథుల్ని చుట్టూ కూర్చోబెట్టి అసలు ఓడ కథ ఎత్తుకున్నాడు. స్కాట్లాండులో కట్టారట. తుపాకులు దాటించే పడవల్ని ఈ నీళ్ళలోనే వెంటాడిందట. ఈ ఎండలకు బాయిలర్ గదిలో తెల్లవాళ్ళు సొమ్మసిల్లి పడిపోతుంటే, బొగ్గు వేయడానికి కాకినాడ వైపు నుంచి కళాసుల్ని తెచ్చుకున్నారట. ఒకరోజు, ఇక్కడికి దగ్గర్లోనే, బాయిలర్ పేలింది. పైనున్న వాళ్ళు బతికారు. ఓడకు మరమ్మతు చేయించి పెద్ద యుద్ధానికి కూడా తీసుకెళ్ళారు, ఆ తర్వాత తుక్కు కింద అమ్మేశారు.

కాకినాడ అన్న చోటే నాగూర్ పోస్తున్న గావా, అరబ్బుల కాఫీ, కప్పు దాటి పళ్ళెంలోకి పొర్లింది.

బాబా ఇటు తిరిగాడు. ఇద్దరు మోయాల్సిన పెట్టె, గోడౌన్లో రెండో కొస పట్టింది ఎవరని అడిగాడు. గోడౌన్లో ఉండే పెద్దాయన, అన్నాడు నాగూర్. అక్కడెవరూ ఉండరే, అన్నాడు బాబా. ఉన్నది ఒకటే తలుపు, దాని తాళంచెవి నీ జేబులోనే ఉంది కదా… ఒక్కడినే మోశానని చెప్పుకోవడానికి సిగ్గా అని నవ్వి, భుజం తట్టాడు. నీలాంటి ధైర్యవంతుడే నాకు కావాలి, రేపు రాత్రి మళ్ళీ అక్కడే దించి రా.

"ఖోఫ్ మాఫీ?" భయం లేదుగా?

తలుపు వారనుంచి రమీజా చూస్తోంది.

"మాఫీ, బాబా," అన్నాడు నాగూర్.

వంటింట్లో నాగూర్ చెప్పిందంతా రమీజా వింది. తర్వాత పిండి డబ్బా మూత తీసింది.

"రేపు రెండు రొట్టెలు ఎక్కువే కాలుస్తా, తీసకపో. పాపం, నూరేండ్లుగా లీవు లేని మనిషి." పిండి కలుపుతున్న చెయ్యి ఆగింది. "కానీ… వారం దినాలు ఊరికి పోయొస్తా, అంతదంకా నా డ్యూటీ చూసుకో అన్నాడనుకో — ఒప్పుకోబాక."