ఏడ్చే దిక్కులేని గోడ

అమెరికాలో పిస్కాటవే దగ్గర ఓ మ్యూజియం ఉంది. చీకటి పడ్డాక అందులో ఒక గదిలోకి ఏ గార్డూ ఒంటరిగా వెళ్లడు.

ఆ గదిలో బాల్కన్ కొండల నుంచి తెచ్చిన గోడ ముక్క ఉంది. ఏడువందల ఏళ్ల నాటి ఆర్థడాక్స్ క్రైస్తవ మఠానిది. ఆడదాని నీడ కూడా పడనివ్వని మఠం. కానీ ఆ సన్యాసులు గోడ నిండా గీయించుకున్నది మాత్రం ఆడదాన్నే... చనిపోయి పడుకున్న మరియమ్మని.

రాత్రిళ్లు ఆ గోడ ఏడుస్తుందట. అది విని ఇద్దరు గార్డులు పరుగో పరుగు. ఇద్దరూ ఆరడుగుల మగాళ్లే!

మూడోవాడు ఉమాకాంత్. నాకిది చెప్పింది అతనే. లేఆఫ్ అయ్యాక దొరికిన ఒకే ఒక్క ఉద్యోగం. ‘నువ్వూ పారిపోతే మళ్లీ రావద్దు’ అని సూపర్‌వైజర్ ముందే చెప్పేశాడు.

ఆ రాత్రి గది తలుపు తోశాడు.

ఏడుపు... సన్నగా. ఆగి, ఆగి.

కాళ్లు వెనక్కి లాగుతున్నాయి. ఇంటి అద్దె ముందుకు తోస్తోంది.

గోడ ముందు తెల్లచీర — తలమీద ముసుగు — అటూ ఇటూ ఊగుతోంది.

“ఓ మరియమ్మా... నా తల్లో... దిక్కులేని చావు చచ్చావా తల్లో...”

బాల్కన్ దెయ్యం... తెలుగులో శోకాలు పెడుతోంది!

“ఎ... ఎవరు?” అన్నాడు గుసగుసగా.

ముసుగు తిరిగింది. మెడలో విజిటర్ పాస్.

“కరుణమ్మని నాయనా, భీమవరం. మా అమ్మాయి క్రిస్టీ రాత్రిళ్లు ఈ గోడకి రిపేర్లు చేస్తది. జిగురు కలుపుకొస్తానని పైకి పోయింది. ఇంతకుముందు ఇద్దరొచ్చారు, పాసు చూపిద్దామంటే ఆగరే!”

“మరి... ఈ ఏడుపేంటమ్మా? మీ చర్చివాళ్లు బొమ్మలకి మొక్కరు కదా?”

“మొక్కట్లేదు, ఏడుస్తున్నా. చూడు... శవం చుట్టూ పన్నెండుమంది గడ్డాలోళ్లు. ఒక్క ఆడమనిషైనా ఉందా? ఇన్ని వందల ఏళ్లుగా శోకం పెట్టే దిక్కులేదు ఆ తల్లికి!”

వాకీటాకీ గరగరలాడింది. “ఉన్నావా, పారిపోయావా?”

“ఉన్నాను సర్.”

కరుణమ్మ ముక్కు చీదుకుని అతన్ని ఎగాదిగా చూసింది.

“ఏడవడం వచ్చా?”

“రాదమ్మా.”

“అయితే గుమ్మం బయట నిలబడు. ఊరికే చూస్తూ నిలబడేవాళ్లు గోడమీద చాలామంది ఉన్నారు.”