పక్క సీటు టీచరమ్మ

మూడు రోజులకోసారి, ఉదయం ఏడింటికల్లా గడియారాల మెకానిక్ ఒక పళ్ళెంలో సరంజామా అంతా సర్దుకుని పడకగదిలోకి వస్తాడు. గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి గుడ్డలు, చిన్న కత్తెర, ఒకటికి రెండు కొత్త సంచులు. కంటికి ఆనీ ఆనని స్క్రూలు బిగించే చేతులవి. సంచి వెనకాల అతుక్కునే భాగంలో గుండ్రంగా రంధ్రం కత్తిరించడం ఆయనకి చిటికెలో పని. ఆ కాసేపూ భార్య మంచం మీద వెనక్కి వాలి, పైకప్పు వంక చూస్తూ పడుకుంటుంది.

నాలుగు నెలలుగా ఇదే వరస. పేగులో గడ్డ తీసేశాక డాక్టర్లు పేగు కొసని పొట్ట మీద ఎడమవైపుకి తెచ్చి కుట్టారు. ఇక జీవితాంతం అదే దారి. ఎర్రగా, తడిగా ఉండే ఆ పేగునోటికి సంచి అతికించుకోవాలి. దానికి వేళాపాళా ఉండదు, ఆపుకుందామంటే ఆగదు. అప్పుడప్పుడు నలుగురిలోనూ చప్పుడు చేస్తుంది. అత్తగారు దానికి ‘చుట్టం’ అని పేరు పెట్టింది. “చెప్పకుండా వచ్చాడు, పొమ్మన్నా పోడు. చుట్టం కాక మరేంటే?” అని కోడల్ని నవ్వించింది.

ఆ గురువారం ఆయన పళ్ళెం కింద పెట్టేసరికి ఆమె ఫోన్ మోగింది. డ్రైవింగ్ స్కూలు యజమాని. పంతొమ్మిదేళ్ళుగా ఆమె అక్కడే పక్క సీట్లో కూర్చుని కారు నేర్పుతోంది. ఆ చుట్టుపక్కల అందరికీ ఆమె టీచరమ్మే.

“మీరు మానేస్తున్నారని మీవారు చెప్పారమ్మా. మనసుకి కష్టంగానే ఉంది. కొత్తావిడ ఒకరు సోమవారం నుంచి వస్తానంటున్నారు. మీ కళ్ళజోడూ గొడుగూ ఇక్కడే ఉండిపోయాయి, పంపించమంటారా?”

“ఒక్క అరగంటలో నేనే ఫోన్ చేస్తాను” అని ఆమె ఫోన్ పెట్టేసింది. భర్త అప్పటికే నీళ్ళు నములుతున్నాడు.

“ఎప్పుడు చెప్పారు?”

“పోయిన వారం. నీకు చెబుదామనే అనుకున్నాను.”

“నా ఉద్యోగం నేను మానేశానని నాకు చెబుదామనుకున్నారా?”

ఆయన కత్తెరని అటూ ఇటూ తిప్పాడు. “నువ్వే అన్నావుగా. ఇంటికొచ్చిన కొత్తలో సంచి ఊడి బట్టలన్నీ పాడైన రోజు, స్నానాల గదిలో కూర్చుని ఏడుస్తూ, ఇక మనుషుల్లోకి వెళ్ళనన్నావు. మూసి ఉన్న కారు, పక్కన ఎవరో ఏమిటో. ఎవరైనా ముక్కు మూసుకుంటే నువ్వు తట్టుకోగలవా?”

“అన్నాను. ఏడుస్తూ అన్న మాటకి మీరు సంతకం పెట్టించుకున్నట్టు మాట్లాడతారేంటి?”

“నీ మంచికే చేశాను.”

“నా మంచేదో నన్నొకసారి అడగాల్సింది.” ఆమె గొంతు పెద్దదేమీ కాలేదు. “నాలుగు నెలలుగా నా పొట్ట నేను సరిగ్గా చూసుకోలేదు, తెలుసా? మీరు చూస్తున్నారు కదా అని పైకప్పు చూస్తూ పడుకున్నాను. హాస్పిటల్లో నర్సు నాకు నేర్పుతానంటే, ‘నాకు నేర్పండి చాలు’ అని మీరే ముందుకెళ్ళారు. అరచేతిలో పెట్టుకుని చూశారు, కాదనను. కానీ ఎప్పటికీ అరచేతిలోనే కూర్చోమంటే ఎలాగండీ?”

ఆమె లేచి, ఆయన చేతిలోంచి కత్తెర తీసుకుని, పళ్ళెం తనే ఎత్తుకుని స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

అద్దం ముందు నిలబడి మొదటిసారి తేరిపార చూసుకుంది. అనుకున్నంత భయంకరంగా లేదు. తడిగా మెరుస్తూ, తన లోకం తనదన్నట్టు కాస్త కదులుతోంది. నీళ్ళతో తుడిచి, చర్మం బాగా ఆరేదాకా ఆగి, తనే రంధ్రం కత్తిరించి కొత్త సంచి అతికించింది. వంకరగా పడింది. రెండు నిమిషాలకే అంచు తడిసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ, బయటికి కేక వెయ్యలేదు.

తలుపవతల భర్త కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. “ఏమైంది? నేను రానా?”

“నువ్వు ఇలా వచ్చి కూర్చోరా” అన్న అత్తగారి గొంతు వినిపించింది. “అది పిలిచినప్పుడు వెళ్ళు. పిలవకపోతే కూర్చోడం నేర్చుకో.”

రెండో సంచి సరిగ్గా అతుక్కుంది. అరచేత్తో దాన్ని కాసేపు నొక్కి పట్టుకుని, వెచ్చబడేదాకా ఆగి, ఆమె బయటికొచ్చి యజమానికి ఫోన్ చేసింది.

“నేను మానెయ్యలేదండీ” అంది.

“కొత్తావిడకి ఇంకా మాటివ్వలేదమ్మా. నా భయం ఒక్కటే, గంటసేపు కదలకుండా కూర్చోగలరా? శనివారం ఒక కారు ఖాళీగా ఉంటుంది. ఎవరినైనా ఎక్కించుకుని గంట పాఠం చెప్పి చూడండి. కుదురుతుందనిపిస్తే సోమవారం మీదే.”

శనివారం ఆమె ఆ కారు తాళాలు తీసుకొచ్చి భర్త చేతిలో పెట్టింది. ఆయనకి యాభై రెండేళ్ళు. స్టీరింగు ముట్టుకుని ఎరగడు.

“నేనా?”

“నా క్లాసు మీరెప్పుడూ చూడలేదుగా. ఎక్కండి.”

బెల్టు కింది పట్టీని సంచి కిందుగా, తుంటి మీదకి సర్దుకుని ఆమె పక్క సీట్లో కూర్చుంది. కాలి దగ్గర టీచర్లకని అమర్చిన రెండో బ్రేకు ఉంది. గడియారాల మెకానిక్ చేతిలో బండి మూడుసార్లు ఆగిపోయింది. నాలుగోసారి అది కుందేలులా గెంతింది. వెనక బస్సు హారన్ మోగిస్తుంటే ఆయనకి చెమటలు పట్టాయి.

“వాళ్ళ తొందర వాళ్ళది. మీరు క్లచ్ మెల్లగా వదలండి. ఇంకా మెల్లగా. అదీ.”

ఆ గొంతు ఆయనకి కొత్త. ఇంట్లో ఎన్నడూ వినని నిదానం అది. మలుపు తిరుగుతుండగా ఆమె పొట్టలోంచి గుడగుడమని పెద్ద చప్పుడు వచ్చింది. ఆయన చటుక్కున అటు తిరిగాడు. కారు పేవ్‌మెంటు వైపు జరిగింది. ఆమె ఒక చేత్తో స్టీరింగు సరిచేసి, కాలితో బ్రేకు తాకింది.

“నా పొట్టకి సంచి ఉంది, అప్పుడప్పుడు చప్పుడొస్తుంది. మీరు రోడ్డు చూడండి” అంది. “ఎక్కినవాళ్ళకి మొదటి రోజే ఇలా చెబుదామనుకుంటున్నాను. బావుందా?”

ఆయన తలూపాడు.

నలభై నిమిషాలయ్యాక పెట్రోలు బంకు దగ్గర ఆపమంది. సీటు కిందున్న సరంజామా చేతిసంచీ తీసుకుని, తొందరేమీ లేకుండా టాయిలెట్ వైపు నడిచింది. ఆయన చెయ్యి తలుపు తీయబోయి, మళ్ళీ స్టీరింగు మీదకి వచ్చేసింది. ఏడు నిమిషాల్లో ఆమె చేతులు తుడుచుకుంటూ తిరిగొచ్చేసరికి, ఆయన స్టీరింగు మీదకి వంగి ఏడుస్తున్నాడు.

“ఏమండీ, ఏమైంది?”

“ఆపరేషన్ గది బయట ఆరు గంటలు కూర్చున్నాను.” ఆయన మొహం ఎత్తలేదు. “చెయ్యడానికి ఏమీ లేదు. ఇంటికొచ్చాక ఆ పని దొరికింది. అది చేస్తున్నంతసేపూ నువ్వున్నావని నాకు నమ్మకం. నువ్వు భయపడుతున్నావని అందరికీ చెప్పాను గానీ, భయం నాదే.”

ఆమె ఆయన వీపు మీద చెయ్యి వేసింది. చాలాసేపు తియ్యలేదు. ఆ చెయ్యి కింద ఆయన ఊపిరి నెమ్మదిగా కుదుటపడింది.

“నాకూ ఉందండీ భయం” అంది. “ఇద్దరం కొంచెం కొంచెం భయపడదాం. కత్తెర పని మాత్రం మీదే, నాకు గుండ్రంగా రావట్లేదు. మిగతాది నేను చూసుకుంటాను.”

ఆయన కళ్ళు తుడుచుకుని నవ్వబోయాడు. “యజమానికి నేనే ఫోన్ చేసి, నాదే తప్పని చెబుతాను.”

“చెప్పండి. ముందు ఇల్లు చేరాలి. ఇంకా ఇరవై నిమిషాల పాఠం ఉంది.”

మెకానిక్ తాళం తిప్పాడు. ఈసారి బండి ఆగకుండానే కదిలింది.