మీ జవాబు ఏది?

"ఏటండీ ఇది? నా పిల్లల పేపర్ల మీద మీరు రాసింది?"

సూర్యారావు పేపర్ల కట్ట తెచ్చి స్టాఫ్ రూం బల్ల మీద పడేశాడు. 1952. రాయ్‌పూర్‌లో తెలుగు రైల్వే కుటుంబాల పిల్లలు చదివే హైస్కూలు అది. మగపిల్లలకు చరిత్ర చెప్పేది అతను, ఆడపిల్లలకు చెప్పేది తాయారమ్మ. పక్షపాతం ఉండకూడదని ఒకరి పిల్లల పేపర్లు ఇంకొకరు దిద్దడం అక్కడి ఆనవాయితీ. దిద్దడమంటే మార్కు వేసి సంతకం పెట్టడమే. ఈసారి మాత్రం తాయారమ్మ దాదాపు ప్రతి పేపరు కిందా ఒకటే రాసింది: "ఇది మీ మాస్టారి జవాబు. నీ జవాబు ఏది?"

"అందరూ అచ్చు గుద్దినట్టు రాశారండీ, కామాలతో సహా," అందామె.

"నేను చెప్పిన నోట్సే. గల్తీ ఒక్కటైనా ఉందేటి?"

"లేదు. అందుకే మార్కులు వేశాను. కాని ఎవడికి ఏం అర్థమయిందో తెలీలేదు. తెలీకుండా ఎవడికి ఏం చెప్పి బాగుచేస్తాం?"

వేరుగా ఉన్న ఒక పేపరు తీసి అతని ముందు పెట్టింది. వితంతు వివాహ చట్టం గురించి ఆ పిల్లవాడు రాసింది రెండే వాక్యాలు: "చట్టం వచ్చిందట. మా పెద్దమ్మకు ఎవరూ చెప్పలేదు." దాని కింద తాయారమ్మ అక్షరాలు: "మంచి మాట. ఎందుకు చెప్పలేదో ఆలోచించి మళ్లీ రాయి."

సూర్యారావు బొట్టు లేని ఆమె నుదుటి వైపు చూశాడు, చూసినందుకు సిగ్గుపడ్డాడు. పెళ్లయిన రెండో ఏడే ఆమె భర్త టైఫాయిడ్‌తో పోయాడు. దగ్గర్లోని తిల్దాలో అన్నగారింట్లో ఉంటూ రోజూ పాసింజరులో వచ్చి పాఠం చెప్పి వెళుతుంది.

ఆ తర్వాత అతనూ ఆడపిల్లల పేపర్ల మీద రాయడం మొదలుపెట్టాడు.

"'బాగుంది' అంటే చాలదు సార్. ఏం బాగుందో చెప్పాలి."

"చెప్పాను కదండీ, ఇదిగో ఇక్కడ."

"అవి అక్షరాలేనా? వానపాములనుకున్నాను!"

ఆమె నవ్వడం అతను చూడటం అదే మొదలు. ఇంటికి వెళ్లినా ఆ నవ్వు వదల్లేదు. ప్రేమే అది, ఇంకో పేరు పెట్టి లాభం లేదు.

ఏప్రిల్‌లో పరీక్షలు ముగిశాయి. "అన్నయ్యకు విజయనగరం బదిలీ అయింది. వేసవి ఛుట్టీ తర్వాత నేను రాను," అంది తాయారమ్మ.

ఆ సాయంత్రం అకాల వాన. స్టేషన్లో తాయారమ్మ రోజూ ఎక్కే బిలాస్‌పూర్ పాసింజరు నిలబడి ఉంది. సూర్యారావు తడిసి ముద్దయి వచ్చాడు.

"తాయారమ్మగారూ, మనం పెళ్లి చేసుకోవచ్చు. వితంతు వివాహం తప్పు కాదు. 1856లోనే చట్టం వచ్చింది. ఎందరో సంస్కర్తలు..."

ఆమె ముఖం పాలిపోయింది. పట్టాల మీద పడే వాన వైపు ముఖం తిప్పుకుంది.

"ఒక్క తప్పూ లేదు సార్. మార్కులు వేస్తాను. కాని ఇది పుస్తకం జవాబు. జాలిపడి ఉద్ధరించేవాళ్లు నాకొద్దు. మీ జవాబు ఏది?"

అతను ముఖం మీది వాన నీళ్లు తుడుచుకున్నాడు. "భయమేస్తందండీ. ఊరేమంటుందోనని కాదు. జూన్‌లో స్టాఫ్ రూంలోకి వెళితే మీ కుర్చీ ఖాళీగా ఉంటుంది. అది నేను చూడలేను. మా అమ్మకు ముందే చెప్పాను. రెండ్రోజులు నాతో మాటాడలేదు. ఇవాళ పొద్దున్న అడిగింది, 'ఒరే, ఆ పిల్లకి ఉప్మా ఇష్టమేట్రా?' అని. నాకు తెలీదన్నాను. బస్, అంతేనండీ."

గార్డు విజిల్ వేశాడు. తాయారమ్మ రైలు పెట్టె ఎక్కింది. కిటికీ దగ్గర కూర్చుని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. బండి కదిలింది. అతను పక్కనే నడిచాడు.

"మళ్లీ రాయక్కర్లేదండీ," అంది. "రేపు అన్నయ్యను తీసుకొస్తాను. ఉప్మాలో అల్లం ఎక్కువ వేయమని అత్తయ్యగారితో చెప్పండి."