రాయికి స్తోత్రం

గురువారం సాయంత్రం ఆరుంపావుకి ఊళ్ళో శంఖం ఊదారు. ఇయోపు నడిపే రొట్టెల ట్రక్కు మనాసే ఇంటి ముందు, ఎత్తు మీద ఆగింది.

శంఖం ఊదితే సవాయీ దీవిలో ప్రార్థన వేళ. రెండోసారి ఊదేదాకా రోడ్డు మీద ఎవరూ తిరగకూడదు. ఎక్కడున్నవాళ్ళు అక్కడే ఏదో ఒక ఇంట్లోకి వెళ్ళి కూర్చోవాలి.

ఇయోపు సీటు మీది రొట్టె తీసుకుని దిగేసరికి, మనాసే కూతురు తెలేసియా ట్రక్కు వెనక నుంచి వచ్చింది.

“ప్రతి గురువారం సరిగ్గా మా గుమ్మం ముందే ఎలా దొరుకుతుంది నీకు శంఖం?”

“ఊదేది మీ బాబాయి. ఆయన్నే అడుగు.”

“అడిగాను. ఆయన శంఖం ఎత్తేదాకా నువ్వు మలుపులో బండి ఆపుకుని కూర్చుంటావట.”

ఇయోపు తల గోక్కున్నాడు.

“నాన్న అన్నది గుర్తుందా?” ఆమె గొంతు తగ్గించింది.

“గుర్తుంది. పొద్దున్నుంచీ తిండి సహించలేదు.”

“మూతికి కొబ్బరిపాలు ఉన్నాయి.”

“కొబ్బరిపాల బన్ను. అది తిండి కిందకి రాదు.”

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ప్రార్థనలో ప్రతివాళ్ళూ ఆ రోజు తాము చూసిన ఒక మేలు చెప్పి దేవుణ్ణి స్తుతించాలి. ఇయోపు వచ్చినప్పుడల్లా ఆకాశానికీ, భూమికీ, సముద్రానికీ స్తోత్రం చెప్పాడు. పోయిన గురువారం తెలేసియాను చేసుకుంటానని అడిగితే మనాసే వారం గడువు పెట్టాడు.

“ఆకాశం అందరికీ కనిపిస్తుంది బాబూ. నా కూతురు పొద్దున లేస్తే చేసేవన్నీ చిన్న పనులు. అవి కనిపించని ఇంటికి దాన్ని పంపను. వచ్చే వారం ఇంకొక్కసారి విని చెబుతాను” అన్నాడు.

తెలేసియా ముందు నడిచింది. గడప దగ్గర తలుపు పట్టుకున్నప్పుడు ఆమె అరచేతికి నలుపు కనిపించింది. ఇయోపు వెనక్కి తిరిగి ట్రక్కును చూశాడు. వెళ్ళి వెనక చక్రం దగ్గర వంగి చూసి వచ్చాడు.

అందరూ చాప మీద కూర్చుని పాట పాడారు. తెలేసియా మామ్మ మొదలుపెట్టింది. “ఇవాళ సూదిలోకి దారం ఒక్కసారికే ఎక్కింది ప్రభువా. స్తోత్రం.”

“వాన నీళ్ళతో తొట్టి నిండింది. స్తోత్రం” అన్నాడు మనాసే.

ఇయోపు వంతు వచ్చింది. మామ్మ కళ్ళు మూసుకునే అంది: “ఆకాశంతో మొదలుపెట్టకు నాయనా. పులుసు చల్లారిపోతుంది.”

“ప్రభువా,” అన్నాడు ఇయోపు. “నా బండికి హ్యాండ్‌బ్రేకు సరిగా పట్టదు. అయినా ఈ ఎత్తు మీద ఎప్పుడూ జారలేదు. నా అదృష్టం అనుకున్నాను. ఇవాళ చూస్తే చక్రం కింద రాయి ఉంది. రాయి మీద పాత టైరు నలుపు పొరలు పొరలుగా ఉంది. అదే నలుపు తెలేసియా చేతికీ ఉంది. ఆ రాయికి స్తోత్రం. ఆ చేతికి స్తోత్రం. ఇన్నాళ్ళూ చూడనందుకు క్షమించు.”

మామ్మ ఒక కన్ను తెరిచింది.

తర్వాతి వంతు తెలేసియాది.

“ప్రభువా, రాయి బరువే. ప్రతి గురువారం తిట్టుకుంటూనే మోశాను. ఇవాళ ఇతను వెనక్కి తిరిగి చూశాడు. అందుకు స్తోత్రం.” ఆగింది. “ఇతనికి కూడా.”

మనాసే ఆమేన్ అన్నాడు. “ఆదివారం భోజనానికి మీ అమ్మనీ నాన్ననీ తీసుకురాగలవా?”

ఇయోపు లేచి నిలబడ్డాడు. “ఇప్పుడే వెళ్ళి చెబుతాను!”

“కూర్చోవయ్యా. ఇప్పుడు రోడ్డెక్కితే ఊరి పెద్దలు జరిమానా కింద మీ పందిని పట్టుకుపోతారు. పెళ్ళికి అది కావాలి” అన్నాడు మనాసే.

తెలేసియా అతనికి పులుసు వడ్డించింది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఇయోపు తల్లిదండ్రులు వచ్చారు. తల్లి తన చేత్తో అల్లిన సన్నచాప తెచ్చింది. పెళ్ళి మాటకి అక్కడ ఇచ్చే కానుక అది, తీసుకుంటే ఒప్పుకున్నట్టే. మామ్మ దాన్ని విప్పి, అల్లిక చూసి, మడిచి, తన పెట్టెలో పెట్టుకుంది.