పొగరక్కసుడి లోయలో నీళ్ళింజను

రాగిగుట్ట రాజ్యానికి నీళ్ళ కరువు. కింద ఏరు నిండుగానే పారుతోంది. ఆ నీళ్ళను గుట్టమీదికి మోసుకొచ్చే గని ఇంజనును, దాన్ని నడిపే సన్నాసయ్యతో సహా పొగరక్కసుడు ఎత్తుకుపోయాడు. ఇంజను రూపును జనం మనసుల్లోంచి కూడా చెరిపేశాడు. మిగిలింది దర్బారు గోడమీది పాత ఫొటో ఒక్కటే. దాన్ని చూసి వెతకబోయిన భటులు తిరిగి రాలేదు. రాజుగారు మాత్రం కోట నీళ్ళతో జలకాలాడుతూ, జనాన్ని ఓపిక పట్టమని చాటింపు వేయించారు.

సన్నాసయ్యను ఎత్తుకుపోయేనాటికి అతని కూతురు నూకాలు ఉయ్యాల్లో ఉంది. తల్లి గుట్టెక్కి దిగి బిందెలు మోసి మోసి కన్నుమూసింది. పెద్దదైన నూకాలు ఒకరోజు దర్బారులోకి దూసుకెళ్ళి ఆ ఫొటోను ఊడబెరికింది. అందులో ఇంజను పక్కన ఆమె తల్లి నిలబడి ఉంది.

"అది రాజుగారు మెచ్చిన ఫొటో! పెట్టెయ్!" అని మంత్రి అరిచాడు.

"మెచ్చుకుంటూ కూకోండి. మా నాన్నని నేను తెచ్చుకుంతాను."

అడవిలో ఒక ముసలి ఎలుగుబంటి దారికి అడ్డం నిలిచింది. "ఎనక్కి పో బుల్లీ. లోయనిండా ఇంజన్లే. మీ ఊరిదాన్ని ముట్టుకుంటే మాయ విడిపోద్ది. ఇంకోటి ముట్టుకున్నావా, రాయైపోతావు."

"ఎనక్కెళ్తే దాహంతో సస్తాను తాతా. దారొదులు."

ఎలుగుబంటి నవ్వి పక్కకు తప్పుకుంది. ఆవల సలసల కాగే వాగు. నూకాలు ఫొటోను నెత్తికి కట్టుకుని రాళ్ళమీదుగా గెంతింది. అరికాళ్ళు బొబ్బలెక్కినా ఆగలేదు.

లోయలో పొగరక్కసుడు పగలబడి నవ్వాడు. "ఏరుకోవే పిల్లా!"

"ఆగరా, నాకు కళ్ళున్నాయి."

ఫొటోలో ఇంజను వీపున జీను వేసినట్టు నీళ్ళతొట్టి ఉంది. తొట్టి లేనివాటిని నూకాలు వదిలేసింది. పొగగొట్టం మూతి గరాటాలా విచ్చుకుంది. అలా లేనివీ పోయాయి. చివరికి రెండే మిగిలాయి. ఎదుట నిలబడి చూస్తే ఒకదానికి కూతగొట్టం కుడివైపు, రెండోదానికి ఎడమవైపు. ఫొటోలో కుడివైపే ఉంది. రాళ్ళైన భటులందరి చేతులూ కూతగొట్టం కుడివైపున్న ఇంజనుమీదే ఉన్నాయి.

"సరిగ్గా ఫొటోలోదే కదే! ఇంకా ఆలస్యమెందుకూ?" అన్నాడు రక్కసుడు.

నూకాలు తల్లివైపు చూసింది. పైట కుడిభుజం మీద ఉంది. రాగిగుట్టలో ఏ ఆడదీ అలా వేసుకోదు! ఫొటో తీసినవాడు అద్దపు పలకను తిరగేసి అచ్చు వేశాడు, కుడి ఎడమలు తారుమారయ్యాయి. రాజు మెచ్చాక అది తప్పని అనే నోరు దర్బారులో లేకపోయింది.

కూతగొట్టం ఎడమవైపున్న ఇంజనుమీద నూకాలు అరచెయ్యి ఆనించింది. ఇంజను కెవ్వున కూసింది. రక్కసుడు పొగై చెదిరిపోయాడు. భటులు కదిలారు. ఇంజనులోంచి సన్నాసయ్య తొంగిచూశాడు.

"ఎవరమ్మా నువ్వు?"

"నీ నూకాల్ని నాన్నా. ఏడుపులు తరవాత, ముందు బొగ్గెయ్యి."

నీళ్ళు గుట్టకు చేరాయి. రాజుగారు వెండిచెంబుతో ముందుకొచ్చారు. "అమ్మాయీ, మా కుమారుణ్ణి నీకిచ్చి పెళ్ళి చేస్తాం. ముందు ఈ చెంబు నింపు."

"పెళ్ళి సంగతి తరవాత బాబూ. ఎనక్కెళ్ళి వరసలో నిలబడండి."

ఆమె బతికించిన భటులే రాజుగారికి వరస చివర చూపించారు. ఆ రోజునుంచి రాగిగుట్టను ఏలింది నూకాలే. అక్కడ చిట్టచివరి బిందె నిండాకే కోటకు నీళ్ళు వెళ్ళేవి.